కోరింత దగ్గు: విశాఖ తల్లిదండ్రులు పదేపదే అడుగుతున్న ప్రశ్నలు

మా కాలనీలో రెండిళ్లలో కోరింత దగ్గు అని తేలినప్పటి నుంచి నా ఫోన్‌కి తీరిక లేదు. అడిగేవన్నీ అవే ప్రశ్నలు. టీకా వేయించినా ఎందుకొచ్చింది, స్కూలుకి పంపొచ్చా, బారసాల ఆపుకోవాలా. విశాఖలో ఏఎన్‌ఎంగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యేదాకా ముప్పై ఏళ్లు టీకాల డబ్బా మోసినదాన్ని కాబట్టి నన్నే అడుగుతారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టలేక ఇలా ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. మందుల మోతాదులు మాత్రం రాయలేదు, అవి పిల్లల బరువు చూసి డాక్టరు రాయాల్సినవి.

## దగ్గు మొదలైన రోజుల్లో

మామూలు దగ్గుకీ కోరింత దగ్గుకీ తేడా ఎలా తెలుస్తుంది?

మొదటి వారం, పది రోజులు తేడా తెలియదు. ముక్కు కారడం, కాస్త దగ్గు, జ్వరం ఉంటే కొద్దిగా. ఆ తర్వాత దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఒకే ఊపిరి మీద పది, పదిహేను సార్లు ఆపకుండా దగ్గుతారు. ముఖం కందిపోతుంది, కళ్ల వెంట నీళ్లు, నాలుక బయటికి వస్తుంది. చివర్లో గాలి లోపలికి లాక్కునేటప్పుడు 'హూప్' అని ఒక కూత, వెంటనే వాంతి. రాత్రిళ్లు ఎక్కువ.

చిత్రమేమిటంటే రెండు తెరల మధ్య పిల్ల ఏమీ ఎరగనట్టు ఆడుకుంటుంది. గంటసేపు కూర్చుని డాక్టరు గదిలోకి వెళ్లేసరికి ఒక్క దగ్గూ రాదు, 'బాగానే ఉందిగా' అని పంపేస్తారు. అందుకే రాత్రి తెర వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి. మీరు పది నిమిషాలు చెప్పేదానికంటే ఆ అరనిమిషం వీడియో డాక్టరుకి ఎక్కువ చెబుతుంది.

అసలు ఇది దేనివల్ల వస్తుంది? చల్లటివి తింటే వస్తుందా?

పెరుగు, అరటిపండు, ఐస్‌క్రీమ్ వల్ల రాదు. బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. 1906లో బెల్జియం శాస్త్రవేత్తలు బోర్డె, జెంగూ దీన్ని మొదటిసారి ల్యాబులో పెంచి చూపించారు, పేరు బోర్డెది. ఊపిరి గొట్టం లోపలి సన్నటి నూగుకి ఇది అతుక్కుని, కఫాన్ని పైకి తోసే ఆ నూగుని పాడుచేస్తుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఎగిరే తుంపర్లతో పక్కవాళ్లకి చేరుతుంది. సోకాక ఎక్కువగా 7 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది, ఒక్కోసారి మూడు వారాలు కూడా పట్టవచ్చు.

హూప్ అనే కూత రావట్లేదు. అంటే కోరింత దగ్గు కాదనేనా?

అలా అనుకోవద్దు. నెలల పిల్లలకి ఆ కూత తీసే బలం ఉండదు. వాళ్లు దగ్గకుండానే ఊపిరి ఆపేయొచ్చు, పెదాలు నీలంగా మారొచ్చు. టీకాలు వేయించుకున్న పెద్ద పిల్లల్లో, పెద్దవాళ్లలో అసలు కూతే ఉండకపోవచ్చు, వారాల తరబడి వదలని మొండి దగ్గు ఒక్కటే ఉంటుంది. కూత కోసం చెవి రిక్కించి కూర్చుంటే పసిపిల్లల విషయంలో ఆలస్యమైపోతుంది.

మాది వన్‌టౌన్. పోర్టు బొగ్గు దుమ్ముకి ఇంట్లో అందరికీ దగ్గే. ఇదీ అదే కావచ్చు కదా?

కావచ్చు. కిటికీ ఊచ మీద వేలు రాస్తే నల్లగా అంటుకునే ఇళ్లు ఆ వైపు నేనూ చూశాను. కానీ దుమ్ము దగ్గు ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. ఊరు వెళ్లి నాలుగు రోజులుంటే తగ్గుతుంది, తిరిగొస్తే మళ్లీ మొదలవుతుంది. కోరింత దగ్గు మనిషి వెంటే వెళుతుంది.

గోడ మీద క్యాలెండర్ తీసి ఎవరికి ఏ తేదీన దగ్గు మొదలైందో రాయండి. ముందు కాలేజీ అబ్బాయికి, వారం పది రోజులకి అమ్మకి, ఇంకో వారానికి పాపకి అన్నట్టు వరసగా కనిపిస్తే అది దుమ్ము పని కాదు. ఆ క్యాలెండర్ కాగితాన్నే డాక్టరుకి చూపించండి.

రెండు వారాలు దాటింది. టీబీ ఏమోనని టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడేకన్నా పరీక్ష చేయించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా టీబీ పరీక్ష చేయించాలన్నది మన దేశంలో నియమం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు టీబీ వైపు చూపిస్తాయి. తెరలు తెరలుగా దగ్గు, ఆఖర్న వాంతి, మధ్యలో మామూలుగా ఉండటం కోరింత దగ్గు వైపు. అడెనోవైరస్, ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్‌లు కూడా ఇలాంటి దగ్గే తెస్తాయి కాబట్టి ఇంట్లో కూర్చుని మనకి మనమే తేల్చుకునే వ్యవహారం కాదిది.

ఏ టెస్టు చేయించాలి?

దగ్గు మొదలై మూడు వారాలలోపు అయితే ముక్కు వెనక భాగం నుంచి సన్నటి పుల్లతో నమూనా తీసి చేసే పీసీఆర్. కోవిడ్ రోజుల్లో ముక్కులో పెట్టినట్టే ఉంటుంది. ఆలస్యమైతే రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేస్తారు. మామూలు రక్తపరీక్షలో తెల్లకణాలు, వాటిలోనూ లింఫోసైట్లు బాగా పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది. పసిపిల్లల్లో ఆ సంఖ్య మరీ ఎక్కువగా ఉండటం ప్రమాద సూచన. ఎక్స్‌రే నార్మల్‌గా ఉండొచ్చు.

ఈ పీసీఆర్ అన్ని ల్యాబుల్లో ఉండదు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. నెలల పిల్ల అయితే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టర్లు మందు మొదలుపెట్టేస్తారు. అదే సరైన పద్ధతి.

బాబు కంటి తెల్లగుడ్డు రక్తంలా ఎర్రబడింది. చూపు పోతుందా?

పోదు. గట్టిగా దగ్గినప్పుడు కంటి పైపొరలో చిన్న రక్తనాళం చిట్లుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది కానీ ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. చుక్కల మందు అక్కర్లేదు.

ఇంకా ఎన్నాళ్లుంటుంది?

తెరల దశ ఒక వారం నుంచి ఆరు వారాలు, కొందరికి పది వారాల దాకా. తర్వాత మెల్లగా తగ్గుతుంది. చైనాలో దీన్ని 'వంద రోజుల దగ్గు' అంటారు, ఆ లెక్క పెద్ద తప్పేం కాదు. తగ్గిపోయాక కూడా కొన్ని నెలలపాటు జలుబు చేసినప్పుడల్లా పాత తెరలు తిరిగి రావొచ్చు. అది జబ్బు తిరగబెట్టడం కాదు.

## మందులు, ఇంటి వైద్యం

యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా దగ్గు తగ్గలేదు. మందు మార్చాలా?

మార్చక్కర్లేదు. యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది, కానీ క్రిమి వదిలిన విషం ఊపిరి గొట్టానికి చేసిన నష్టం మానడానికి వారాలు పడుతుంది. ముక్కు కారే తొలి దశలోనే మందు పడితే దగ్గు తీవ్రత తగ్గుతుంది. తెరలు మొదలయ్యాక వేసిన మందు మీ పిల్ల దగ్గుని పెద్దగా తగ్గించదు, పక్కింటి పిల్లకి అంటకుండా ఆపుతుంది. మందు మొదలుపెట్టి 5 రోజులు పూర్తయితే ఇంకొకరికి అంటించరు. మందు లేకపోతే దగ్గు మొదలైన రోజు నుంచి మూడు వారాలు అంటిస్తూనే ఉంటారు.

మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు మాత్రలు ఇచ్చారు. చాలా?

చాలదు. గొంతునొప్పికి మూడు రోజులు ఇచ్చే అలవాటు ఉంది, కోరింత దగ్గుకి అజిత్రోమైసిన్ కోర్సు 5 రోజులు. నెలలోపు పసిబిడ్డకైతే షాపులో అడిగి వేయడం అస్సలు వద్దు. ఆ వయసులో ఎరిత్రోమైసిన్ వాడితే జీర్ణాశయం కింది ద్వారం మూసుకుపోయి పాలన్నీ కక్కేసే సమస్య రావొచ్చు. అందుకని అజిత్రోమైసినే ఎంచుకుంటారు, అదీ డాక్టరు కళ్ల ముందు ఉంచుకుని.

మంచి దగ్గు సిరప్ ఏదైనా చెప్పండి.

ఏదీ చెప్పను. ఈ దగ్గుకి సిరప్‌లు పనిచేయవు. 2025లో మధ్యప్రదేశ్‌లో విషం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది. ఐదేళ్లలోపు వాళ్లకీ సాధారణంగా వద్దనే అంది. ఫ్రిజ్ తలుపులో పోయినేడాది మిగిలిన సీసా ఉంటే అది పారబోయండి.

తేనె, మిరియాల కషాయం, వాము ఇవ్వొచ్చా?

ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా వద్దు. నాలుకకి రాయడం, ఉగ్గులో కలపడం కూడా వద్దు, బోటులిజం అనే నరాల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఏడాది దాటిన పిల్లకి పడుకునే ముందు అర చెంచా తేనె ఇస్తే గొంతుకి హాయిగా ఉంటుంది, జబ్బు మాత్రం తగ్గదు. పెద్దవాళ్లు మిరియాల పాలు తాగితే నాకేం అభ్యంతరం లేదు. ఘాటైన కషాయం పిల్లలకి పోస్తే ఆ మంటకే ఇంకో తెర మొదలవుతుంది. పసివాళ్ల ముక్కుకి కర్పూరం, బామ్ రాయడం కూడా ప్రమాదం.

మా అత్తగారు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తారు. దగ్గు తగ్గడానికి మంచిదంటారు.

ఈ ప్రశ్న అడిగే కోడళ్లు గొంతు తగ్గించి అడుగుతారు, పక్క గదిలో అత్తగారు ఉంటారు కాబట్టి. పొగ ఏదైనా సరే, సాంబ్రాణి, అగరొత్తి, దోమల కాయిల్, తాతగారి చుట్ట, ఈ దగ్గున్న బిడ్డకి పగవాడు. ఒకసారి ఒక ఇంటికి వెళ్లినప్పుడు నా కళ్ల ముందే జరిగింది. నిప్పుల మీద గుప్పెడు పొడి వేసి, గంప బోర్లించి, దాని మీద తడి జుట్టుతో రెండు నెలల పాపని పడుకోబెట్టారు. ఊపిరి రెండుసార్లు తీసిందో లేదో తెర మొదలైంది, ఆగేసరికి పెదాలు వంకాయ రంగు.

అత్తగారితో 'పొగ మంచిది కాదు' అంటే వినరు, వాళ్ల పిల్లలందర్నీ అలాగే పెంచారు. 'ఈ దగ్గు తగ్గేదాకా డాక్టరు వద్దన్నారండీ, తర్వాత చూద్దాం' అనండి, వింటారు. జుట్టు ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు.

నెబ్యులైజర్ పెట్టిస్తున్నాం. ఉపయోగం ఉందా?

ఉబ్బసానికి ఉంటుంది, దీనికి దాదాపు లేదు. నాకు బాగా తెలిసిన కుటుంబంలో నలభై రోజుల బాబుకి ఒక క్లినిక్‌లో వారం పాటు పూటకోసారి నెబ్యులైజర్ పెట్టారు. మాస్క్ ముఖానికి ఆనించగానే ఏడుపు, ఏడుపుతో తెర. ఇంట్లో అమ్మమ్మకి మూడు వారాలుగా దగ్గుందా అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే మొదటిరోజే తేలేది. బాబు బతికాడు, ఐసీయూలో పదకొండు రోజులున్నాక.

తెర వచ్చినప్పుడు మేమేం చేయాలి?

మీరు ముందు కంగారుపడి అరవకండి, పిల్ల మీ ముఖమే చూస్తుంటుంది. కూర్చోబెట్టి కాస్త ముందుకి వంచండి. చంటిబిడ్డయితే పక్కకి తిప్పి, తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకోండి, కఫం బయటికి జారుతుంది. పెదాల మీదికి వచ్చిన జిగురుని మెత్తటి గుడ్డతో తుడవండి. నోట్లో వేలు పెట్టి లాగొద్దు. వీపు మీద బాదొద్దు. తెర మధ్యలో నీళ్లు పోయొద్దు. అది అయ్యాక ఎత్తుకుని ఊరుకోబెట్టండి.

తెరలు రేపేవి ఏమిటో కనిపెట్టండి. ఏడుపు, గట్టిగా నవ్వడం, పరుగులు, ఘాటైన పోపు, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలడం. మావాడొకడికి పప్పులో ఎండుమిర్చి పోపు వాసన వస్తే చాలు.

తిన్నదంతా కక్కేస్తోంది. చిక్కి సగమైపోయింది.

తెర వచ్చి వాంతి అయిపోయాక పది, పదిహేను నిమిషాలాగి పెట్టండి. మళ్లీ తెర రావడానికి కాస్త వ్యవధి ఉంటుంది, అప్పుడు తిన్నది నిలుస్తుంది. కడుపునిండా ఒకేసారి కాకుండా నాలుగేసి ముద్దలు ఆరేడు సార్లు. మెత్తటి పెరుగన్నం, ఇడ్లీ, నేతితో పప్పన్నం నడుస్తాయి. జంతికలు, మరమరాలు లాంటి పొడిపొడి తిండి గొంతులో గీరుకుంటుంది, కొన్నాళ్లు ఆపండి.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి? ఎక్కడికి?

ఊపిరి ఆగినట్టు అనిపించినా, పెదాలు, నాలుక నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, పాలు పూర్తిగా మానేసినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, తెర లేనప్పుడు కూడా పక్కటెముకలు లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి తీస్తున్నా ఆ క్షణమే బయల్దేరండి. వేగం లెక్కపెట్టాలంటే నిద్రలో ఉన్నప్పుడు పూర్తి నిమిషం చూడండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 దాటితే ఎక్కువ. గట్టి జ్వరం వస్తే న్యుమోనియా చేరిందేమో చూడాలి. మూడు నెలలలోపు బిడ్డకి కోరింత దగ్గు అనుమానం ఉంటే చాలు, ఈ లక్షణాలు లేకపోయినా చూపించాలి.

మహారాణిపేటలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల విభాగం ఉంది. పసిపిల్లల ఐసీయూ ఉన్న ప్రైవేటు ఆసుపత్రి దగ్గరైతే అదీ సరే. ఐసీయూ లేని చిన్న క్లినిక్‌లో అర్ధరాత్రి దాకా గడపొద్దు. గాజువాక, మధురవాడ వైపు నుంచి ట్రాఫిక్‌లో ఆటోలో వచ్చేకన్నా 108 పిలవండి, అందులో ఆక్సిజన్ ఉంటుంది. అది వచ్చేలోగా ఊపిరి ఆగితే అరికాలిపై వేళ్లతో చిటికెలు కొట్టండి, వీపు రుద్దండి. కదలిక లేకపోతే బిడ్డ ముక్కూ నోరూ మీ నోటితో కప్పి మెల్లగా గాలి ఊదండి.

## ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు

స్కూలు పిల్లలు దగ్గి లేచి తిరుగుతున్నారు. నెలల పిల్లలకే ఎందుకంత ప్రమాదం?

ఊపిరి గొట్టం సన్నం, దగ్గే బలం తక్కువ, మొదటి టీకా పడేది ఆరు వారాలకి. ఒక్క డోసుతో రక్షణ అంతంత మాత్రమే, మూడు డోసులు పూర్తయ్యేసరికి మూడున్నర నెలలు. కోరింత దగ్గు మరణాల్లో ఎక్కువ భాగం ఈ ఖాళీలోనే జరుగుతాయి. ఈ జబ్బు వచ్చిన ఏడాదిలోపు పిల్లల్లో ఇంచుమించు ముగ్గురిలో ఒకరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని అమెరికా సీడీసీ లెక్క. ఏడో క్లాసు పిల్లాడి దగ్గు నాకు పెద్ద చింత కాదు, వాడు స్కూలు నుంచి వచ్చి ఎత్తుకునే చెల్లెలి గురించే నా చింతంతా.

ఇరవై ఒకటో రోజు బారసాల. కార్డులు పంచేశాం. ఆపుకోవాలా?

ఆపక్కర్లేదు, తీరు మార్చుకోండి. ఇరవై ఒకటో రోజున బిడ్డకి ఒక్క డోసూ పడి ఉండదు, అదే రోజున వందమంది ఏసీ హాల్లో చేరి ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుంటారు, బుగ్గ ముద్దు పెట్టుకుంటారు. దగ్గున్న పెద్దమ్మని 'రావద్దు' అనలేం, అంటే పదేళ్లు మాటలుండవు.

మా మనవరాలికి మేం చేసింది చెబుతాను. ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే కార్యక్రమం ఇంట్లోనే, డాబా మీద, పదిహేనుమందితో చేశాం. ఉయ్యాల ముందు పీట వేసి తాంబూలం పళ్లెం పెట్టాం, అక్కడిదాకానే అక్షింతలు. భోజనాలు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చని మూడున్నర నెలలు నిండాక హాల్లో పెట్టాం. 'డాక్టరు ఎవర్నీ ముట్టుకోనివ్వద్దన్నారు' అని గుమ్మం దగ్గరే చెప్పే పని మా ఆయనకి అప్పగించాం. నిష్ఠూరాలు వచ్చాయి. వచ్చినవి పోయాయి కూడా.

నాకే దగ్గు. పాపకి పాలివ్వచ్చా?

ఇవ్వండి. పాల ద్వారా ఇది సోకదు. మాస్క్ పెట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని ఇవ్వండి. మీరు మందు మొదలుపెట్టి అయిదు రోజులు పూర్తయ్యేదాకా పాలిచ్చే సమయం తప్ప మిగతాప్పుడు దగ్గు లేనివాళ్లు చూసుకుంటే మంచిది. పాపకి కూడా ముందుజాగ్రత్త మందు కావాలేమో అదే రోజు డాక్టర్ని అడగండి.

మాకెవరికీ దగ్గు లేదు. అయినా ఇంటిల్లిపాదీ మందు వేసుకోమంటున్నారు. ఎందుకు?

టీకా రక్షణ లేని ఇంట్లో ఒకరికి వస్తే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి అంటుకునేంత జోరు దీనిది. దగ్గు బయటపడేలోపే అంటించడం మొదలవుతుంది. అందుకే జబ్బు మనిషికి దగ్గు మొదలైన మూడు వారాలలోపు ఇంట్లో అందరికీ మందు ఇస్తారు. పసిపిల్లలు, నెలలు నిండుతున్న గర్భిణులు, వాళ్లని చూసుకునే ఆయా ఉన్న ఇంట్లో అయితే తప్పనిసరి అనుకోండి. ఎండాకాలం కరెంటు బిల్లు భయంతో ఇంటిల్లిపాదీ ఒకే ఏసీ గదిలో తలుపులు బిగించుకుని పడుకునే ఇళ్లు మనవి. మందుతో పాటు ఆ పద్ధతి కూడా కొన్ని రాత్రులు మానండి.

నాకు ఏడో నెల. నేను టీకా వేయించుకుంటే బిడ్డకి రక్షణ ఉంటుందా?

ఉంటుంది, పుట్టకముందు బిడ్డకి ఇవ్వగలిగిన రక్షణ ఇదొక్కటే. 27 నుంచి 36 వారాల మధ్య టీడాప్ అనే టీకా వేయించుకుంటే మీ యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకి చేరి, తొలి రెండు మూడు నెలలు కాపలా కాస్తాయి. ఇంగ్లండ్‌లో చూసిన ఫలితాల్లో ఈ రక్షణ 90 శాతం దరిదాపుల్లో ఉంది. ప్రతి కాన్పుకీ విడిగా వేయించుకోవాలి.

ఇక్కడొక తికమక ఉంది. ప్రభుత్వ కేంద్రంలో గర్భిణులకి ఉచితంగా వేసేది టీడీ. అందులో ధనుర్వాతం, కంఠసర్పికి రక్షణ ఉంటుంది, కోరింత దగ్గుకి ఉండదు. టీడాప్ ప్రైవేటులో కొనుక్కోవాలి, వెయ్యి రూపాయలు దాటుతుంది. సీమంతానికి పెట్టే ఖర్చులో అదొక లెక్క కాదని నేను మొహమాటం లేకుండా చెప్తాను.

## టీకాల సందేహాలు

ఏయే వయసులో ఎన్ని డోసులు?

పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా, కోరింత దగ్గుదీ ఇందులోనే) 6, 10, 14 వారాలకి. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మొదటి బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య. రెండో బూస్టర్ 5 నుంచి 6 ఏళ్లకి. ఇవన్నీ ఉచితం. 10, 16 ఏళ్లకి ప్రభుత్వం వేసేది టీడీ, దాంట్లో కోరింత దగ్గు భాగం లేదు. 10–12 ఏళ్లకి టీడాప్ వేయించమని భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ సలహా. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు, మీ వీధి ఆశా కార్యకర్తని అడిగితే ఎక్కడో చెబుతుంది.

అన్ని టీకాలూ వేయించాం. అయినా ఎలా వచ్చింది?

కార్డు తెచ్చి చూపించమంటే పదిమందిలో సగానికి సగం 5 ఏళ్ల బూస్టర్ గడి ఖాళీ. తొమ్మిదో నెల టీకాతో అయిపోయిందనుకుంటారు. అన్నీ వేయించినా కూడా ఈ రక్షణ జీవితాంతం ఉండదు, నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్లలో తరిగిపోతుంది. టీకా పడిన పిల్లలకి వచ్చినా తేలిగ్గా వచ్చిపోతుంది. అలా తేలిగ్గా వచ్చినవాళ్లే తెలియకుండా మోసుకొస్తారు. పైగా టీకా ఉన్నా లేకున్నా మూడు నుంచి ఐదేళ్లకోసారి ఈ జబ్బు పొంగడం దాని స్వభావం. కోవిడ్ తర్వాత 2024లో అమెరికాలో 35 వేలకు పైగా కేసులు వచ్చాయి.

డోసు తప్పిపోయింది. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదు, ఆగిన దగ్గర్నుంచి కొనసాగిస్తారు. ఏడాది దాటినా ఒక్క డోసూ పడకపోతే డీపీటీ నెల తేడాతో మూడు డోసులు వేస్తారు. డీపీటీ ఏడేళ్లలోపు ఎప్పుడైనా వేయొచ్చు. కార్డు పోతే వేసిన కేంద్రంలో రిజిస్టర్ చూసి రాయించుకోండి, టీకాల వివరాలు రాసే ప్రభుత్వ పోర్టల్ యూ-విన్‌లో నమోదైతే అందులోనూ దొరుకుతుంది. జలుబు ఉందని డోసు వాయిదా వేయొద్దు.

ప్రైవేటులో 'నొప్పి లేని టీకా' వేయించమంటారా? ప్రభుత్వ టీకా మంచిదేనా?

ప్రభుత్వ కేంద్రంలో వేసేది క్రిమిని పూర్తిగా చంపి చేసిన టీకా. జ్వరం, వాపు కాస్త ఎక్కువ. నొప్పి లేనిదాంట్లో క్రిమిలోని కొన్ని భాగాలే ఉంటాయి, జ్వరం తక్కువ, కానీ రక్షణ త్వరగా తగ్గుతుంది. ఇక్కడ మాత్రం ఉచితంగా వచ్చేదే నికరమైన సరుకు.

నాణ్యత గురించి భయం వద్దు. డీపీటీ గడ్డకడితే పాడైపోతుందని, ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకుల్ని నేరుగా డబ్బాలో పెట్టేవాళ్లం కాదు. బల్ల మీద పేర్చి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దేవాళ్లం. ఇప్పటి పిల్లలూ అదే చేస్తారు.

టీకా వేస్తే జ్వరం వస్తుందని భయం.

వస్తుంది. ఒకటి రెండు రోజుల జ్వరం, తొడ దగ్గర గట్టిదనం, చిరాకు మామూలే. పారాసెటమాల్ చుక్కలు డాక్టరు చెప్పిన కొలతలో వేయండి, సూది చోట రుద్దొద్దు, వేడి కాపడం వద్దు. టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. మూడు గంటలు దాటి ఏడుపు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా డాక్టరుకి చూపించి, తర్వాతి డోసుకి ముందు ఆ సంగతి తప్పక చెప్పండి.

ఈ భయంతో ఏం జరిగిందో జపాన్‌ని చూస్తే తెలుస్తుంది. 1975లో టీకా కొన్నాళ్లు ఆపారు, జనం వెనక్కి తగ్గారు. అంతకుముందు ఏడాదికి కొన్ని వందల కేసులు ఉండేవి. 1979లో 13 వేల కేసులు వచ్చాయి, 41 మంది చనిపోయారు.

ఒకసారి వచ్చిపోయింది. ఇక టీకా అక్కర్లేదు కదా?

కావాలి. జబ్బు ఇచ్చిన రక్షణ కూడా కొన్నేళ్లకి పోతుంది. కోలుకున్నాక మిగిలిన డోసులు పూర్తి చేయించండి.

తాతయ్య, నానమ్మలు వేయించుకోవచ్చా?

పసిబిడ్డ రాబోతున్న ఇంట్లో అయితే టీడాప్ ఒక డోసు మంచిది. బిడ్డని ముట్టుకోవడానికి రెండు వారాల ముందే వేయించుకోవాలి, యాంటీబాడీలు తయారవడానికి ఆ సమయం కావాలి.

## స్కూలు, అపార్ట్‌మెంట్

ఎన్ని రోజులు స్కూలు మాన్పించాలి?

మందు మొదలుపెట్టాక 5 రోజులు పూర్తయ్యేదాకా. మందు వాడకపోతే దగ్గు మొదలైన రోజు నుంచి 21 రోజులు. ఆ తర్వాత దగ్గు వినిపిస్తున్నా పంపొచ్చు, అంటదు. టీచరుకి ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే మొదటి తెరకే ఇంటికి పంపేస్తారు. వాంతి అయితే తుడుచుకోవడానికి సంచిలో ఒక గుడ్డ, ఒక కవరు పెట్టండి.

క్లాసులో ఒకరికి వచ్చింది. స్కూలు మూసేయాలా?

మూయక్కర్లేదు. దగ్గుతున్న పిల్లల్ని డాక్టరుకి చూపించమనడం, టీకా కార్డులు చూసి ఖాళీ గడులున్నవాళ్లకి డోసు వేయించడం, కిటికీలు తెరవడం సరిపోతాయి. ఇంట్లో పసిబిడ్డ లేదా గర్భిణి ఉన్న పిల్లల తల్లిదండ్రులకి మాత్రం విడిగా ఫోన్ చేసి చెప్పాలి. స్కూళ్లు అందరికీ ఒకే మెసేజ్ పెట్టి చేతులు దులుపుకుంటున్నాయి, ఆ మెసేజ్ ఫీజుల మెసేజ్‌ల మధ్య మునిగిపోతోంది.

అపార్ట్‌మెంట్ అంతా ఫాగింగ్ చేయించమంటున్నారు.

ఫాగింగ్ దోమలకి. దగ్గున్న పిల్లలకి ఆ పొగ ఇంకా చేటు. లిఫ్ట్‌లో దగ్గున్నవాళ్లు మాస్క్ పెట్టుకుంటే చాలు.

కేసు తేలితే ఎవరికి చెప్పాలి? కోవిడ్‌లోలా ఇంటికి కర్రలు కట్టేస్తారా?

మీ పరిధిలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి గానీ, ఏఎన్‌ఎంకి గానీ చెప్పండి. కోరింత దగ్గు ప్రభుత్వం నిఘా పెట్టే జబ్బుల్లో ఒకటి, డాక్టరు కూడా పైకి తెలియజేయాలి. చెబితే నమూనా తీసుకుంటారు, చుట్టుపక్కల ఇళ్లలో టీకా తప్పిన పిల్లల్ని వెతికి వేస్తారు, ఇంటివాళ్లకి మందు చూస్తారు. కర్రలు కట్టరు, స్టిక్కర్లు అంటించరు. మా కాలనీలో మొదటి ఇంటివాళ్లు ఆ భయంతోనే పన్నెండు రోజులు చెప్పలేదు. రెండో ఇల్లు వాళ్ల పై వాటా.